ఆది చొక్కా

గుండీల డబ్బా దొర్లి పడటంతో మొదలైంది.

శనివారం పొద్దున షట్టరు సగం లేపి కుట్టుమిషనుకు నూనె వేస్తున్నాడు దర్జీ. వీధిలో అతన్ని కొలతల మాస్టరంటారు. రోడ్డు దాటే మనిషిని ఒక్కసారి చూశాడంటే ఛాతీ ఎంతో, నడుమెంతో టేపు లేకుండా చెప్పేస్తాడని పేరు. ఆయన ముందు పొట్ట లోపలికి లాక్కున్నా లాభం లేదు, వదిలేశాక ఎంతుంటుందో అదే రాసుకుంటాడని ఎదురు మందుల షాపాయన అందర్నీ నవ్విస్తుంటాడు.

బడి లేదు కనక కూతురు వచ్చి బల్ల దగ్గర కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. పదమూడేళ్ళ పిల్ల. ఇంట్లో వేసుకునే వదులు చొక్కాలోనే వచ్చేసింది. మోచెయ్యి తగిలి డబ్బా దొర్లింది. వందల గుండీలు నేలంతా పరుచుకుని, కొన్ని మిషను కిందకీ, కొన్ని గడప దాకా పరిగెత్తాయి. "నీ చేతుల్లో ఏముందే, గాలా?" అన్నాడు తండ్రి, కోపం లేకుండానే. పిల్ల నవ్వుతూ వంగి ఏరడం మొదలుపెట్టింది.

గడప దగ్గర గుండీ తొక్కకుండా కాలు పక్కకేసి ఒకావిడ లోపలికి వచ్చింది. వెనక వీధిలో ఈమధ్యే పెట్టిన ఫిజియోథెరపీ క్లినిక్కు ఆవిడదే. చేతి మీద రెండు తెల్లకోట్లున్నాయి. రోగి కాలెత్తి పట్టుకున్నప్పుడల్లా కోటు చంకల్లో పట్టేస్తోందనీ, ఏదైనా చెయ్యమనీ అడిగింది. చంకలో చిన్న ముక్క వేసి వదులు చేస్తానని, ఒకటి తొడుక్కోమని అతను సుద్ద తీశాడు. ఆవిడ తొడుక్కోలేదు. అతన్ని చూడటం లేదసలు. గుండీలేరుతున్న పిల్ల వీపు వైపు చూస్తోంది.

"బుజ్జీ, ఒక్కసారి లేచి నిలబడమ్మా. కాళ్ళు దగ్గర పెట్టు. రెండు చేతులూ జోడించి మెల్లగా ముందుకి వంగు. ఇంకొంచెం."

పిల్ల ఆటేమో అనుకుని వంగింది. మాస్టరుకు వెనక నుంచి కనిపించింది. వీపు కుడివైపు, దుప్పటి కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు, కాస్త పైకి లేచి ఉంది. ఎడమవైపు చదునుగా దిగిపోయింది. చూసింది చాలన్నట్టు ఆవిడ పిల్లను లేవమంది. తల నిమిరి, పోయిన గుండీలన్నీ దొరికాయా అని అడిగింది.

పిల్ల డబ్బా పట్టుకుని పక్కకి వెళ్ళాక, వెన్ను పక్కకి తిరుగుతున్నట్టుందనీ, ఎన్నాళ్ళ నుంచనీ గొంతు తగ్గించి అడిగింది. అదేం లేదన్నాడు మాస్టరు. ఇంటి పోలికన్నాడు, వాళ్ళమ్మకూ ఒక భుజం కాస్త వాలేనన్నాడు. అంతటితో ఆగక, పిల్ల ఎంత సూటిగా నిలబడుతుందో బడిలో అడగమన్నాడు. వచ్చే శుక్రవారం పెద్ద కవాతు, ముందు వరసలో నిలబెట్టారని చెప్పి, కొయ్యకు వేలాడుతున్న యూనిఫాం చొక్కా చూపించాడు.

ఆవిడ చొక్కా దించింది. వేళ్ళతో ఒంట్లో నొప్పి ఎక్కడుందో పట్టే మనిషి. కాలరు నుంచి భుజం మీదుగా వేళ్ళు జరిపి ఎడమవైపు ఆగింది. నొక్కింది.

"లోపల ఏం పెట్టారు?"

"కొంచెం దూది."

ఆవిడ చొక్కాను మళ్ళీ కొయ్యకు తగిలించి, ముడతలు సవరించింది. సోమవారం తీసుకురండి, ఎదిగే వయసు, ఇలాంటివి ఆగినా, ముదిరినా ఈ ఏడాదీ రెండేళ్ళలోనే అని చెప్పి వెళ్ళిపోయింది. కోట్లు బల్ల మీదే ఉండిపోయాయి, గుర్తులు పెట్టే సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఆ రోజు మాస్టరు సూది రెండుసార్లు వేల్లో దిగింది. మనుషులు వచ్చారు, పోయారు. అతను ఛాతీలు, నడుములు చూడటం మానేసి భుజాలు చూడసాగాడు. మందుల షాపాయన కుడివైపు వాలతాడు. పాలబ్బాయికి ఎడమ తుంటి పైకుంది. లోకంలో ఇంతమంది ఒరిగి నడుస్తున్నారా అని దిగులుపడ్డాడు. ట్రయల్ గది అద్దంలో తన భుజాలు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ మిషను కుడి భుజాన్ని రెండు వేళ్ళు కిందికి దించింది. అది పోలిక కాదని అతనికి తెలుసు. పని.

ఇంట్లో భార్యకు చెప్పాడు. ఆవిడ హుక్కులు కుడుతూ వింది, దారం పళ్ళతో తెంపి, ఇంకో హుక్కు అందుకుంది. చొక్కాలో దూది పెట్టమన్నది ఆవిడే. రెండు నెలల కిందట డ్రిల్లు టీచరు పిల్లను వరసలోంచి బయటికి లాగి, భుజాల మీద అడ్డంగా కర్ర పెట్టి, ఒంట్లో బద్ధకం ఉన్నవాళ్ళు ఎలా నిలబడతారో చూడండని క్లాసుకంతటికీ చూపించాడు. కర్ర ఒక పక్కకి వాలి జారిపడితే పిల్లలు నవ్వారట. వారం రోజులు అదే తంతు. పిల్ల అన్నం ముందు కూర్చుని, నేను సరిగ్గానే నిలబడుతున్నానమ్మా అని ఏడ్చింది. అప్పుడే ఆ చొక్కా, మార్చి వేసుకోవడానికి అలాంటిదే ఇంకొకటి తయారయ్యాయి. మరుసటి వారం పిల్ల ముందు వరసకు వచ్చింది. బద్ధకం వదిలిందని టీచరు మెచ్చుకున్నాడు. మాస్టరు ఆ రోజు కత్తెరకు సాన పట్టిస్తూ ఈల వేశాడు.

"క్లినిక్కులో పడితే బెల్టులంటారు, పట్టీలంటారు. పిల్లకి వంకర అని ఊరంతా తెలుస్తుంది" అంది భార్య చివరికి.

"తెలియకపోతే పోతుందా?"

ఆ మాట అన్నాక అతనికే భయం వేసింది. తెలియకుండా ఇన్నాళ్ళు చూసింది తనే మరి.

సోమవారం ముగ్గురూ వెళ్ళారు. క్లినిక్కులో ఒక గోడంతా అద్దం. దానిముందు పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు. పైకప్పు నుంచి దారానికి కట్టిన సీసపు గుండు నేలకు జానెడు పైన నిలిచి ఉంది. తాపీ పనివాళ్ళ గుండు అది. గోడ నిలువు చూసే గుండు ముందు మనిషిని నిలబెడతారని అతనికి తెలియదు.

తెర వెనక భార్య ఉంది. అతను బయట బల్ల మీద కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. చర్మం మీద రాసే పెన్సిలుతో వెన్నెముక గుర్తులు పెడుతున్నానని ఫిజియో మేడమ్ పిల్లకు చెబుతోంది, చక్కిలిగింత పెడితే చెప్పమంటోంది. తరవాత నీటిబుడగ ఉన్న చిన్న కొలబద్ద వీపు మీద ఆనించి ఏవో అంకెలు చెప్పింది. అంకెలు వినగానే అతని చెయ్యి జేబులోని సుద్దముక్క కోసం వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా ఎవరో ఒకరు తెర వెనక నుంచి అంకె చెబితే రాసుకున్నవాడు. ఆడవాళ్ళ కొలతలు భార్య తీసి చెబుతుంది, అతను రాస్తాడు. ఊళ్ళో పిల్లలందరి అంకెలూ అతని పుస్తకంలో ఉన్నాయి. కన్నకూతురివి లేవు. పదకొండో ఏడు వచ్చిన దగ్గర్నుంచి దాని మీద టేపు పడలేదు. పరాయి పిల్లలకు టేపు, ఇంటి పిల్లకు ఆది. పాత చొక్కా ఒకటి ఆదిగా తెచ్చి భార్య బల్ల మీద పడేస్తుంది, ఇంత పొడుగు పెంచండి, ఇంత వదలండి అని. అంతే.

ఎక్స్‌రే తీయించుకొస్తే క్లినిక్కుకు వచ్చే ఎముకల డాక్టరు చూశాడు. వంపు ఇరవై మూడు డిగ్రీలన్నాడు. పొడిపొడిగా మాట్లాడే మనిషి. ఈ బొమ్మ ఇవాళ ఎక్కడుందో చెబుతుంది, ఎటు పోతోందో చెప్పదన్నాడు. ఉన్నచోటే ఉండేదైతే వ్యాయామం చేస్తూ కనిపెట్టి ఉండొచ్చు. పెరిగేదైతే బ్రేస్ వెయ్యాలి. బ్రేస్ అంటే గట్టి ప్లాస్టిక్ కవచం, చంకల నుంచి తుంటి దాకా, రోజులో చాలా గంటలు. ఏది అయినదీ తెలియాలంటే ఆరు నెలలాగి ఇంకో ఎక్స్‌రే తియ్యాలి.

"పాత ఎక్స్‌రే గానీ, వీపు ఫొటో గానీ ఏమైనా ఉందా? ఎప్పట్నుంచి గమనించారు?"

"ఈమధ్యేనండీ" అన్నాడు మాస్టరు.

భార్య అతని వైపు చూసి, చూపు తిప్పుకుంది.

పిల్లకు ఆ రోజే మొదటి వ్యాయామం నేర్పారు. అద్దం ముందు స్టూలు మీద కూర్చుని, ఎడమ పక్క నొక్కుకుపోయిన పక్కటెముకల్లోకి గాలి నింపాలి. ఫిజియో మేడమ్ ఆ పల్లం మీద రెండు వేళ్ళు పెట్టి, నా వేళ్ళని ఊపిరితో బయటికి నెట్టు అంది. పిల్ల నాలుగుసార్లు నెట్టలేకపోయింది. అయిదోసారి వేళ్ళు కదిలాయి. పిల్ల ముఖం చెమటతో నిండింది, మెట్లెక్కి వచ్చినట్టు. ఒళ్ళు సరిచేసుకోవడమంటే ఇంత కష్టమని, బద్ధకం అన్న మాటకూ దానికీ ఏ సంబంధమూ లేదని ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. డ్రిల్లు టీచరు లేడు గానీ.

మంగళవారం మధ్యాహ్నం షట్టరు దించి, లోపల లైటు వేసి, మాస్టరు అటక మీది మూట దించాడు. ఆదిలన్నీ అందులో ఉన్నాయి. ఏ ఆదినీ అతను పారెయ్యడు, కాలరు లోపల చిన్న గుడ్డపట్టీ కుట్టి దాని మీద నెల, ఏడు రాసి పెట్టుకుంటాడు. కూతురివి నాలుగు, కొయ్య మీదిదాంతో కలిపి అయిదు. బడి తెరిచినప్పుడొకటి, సగం ఏడాది సెలవులయ్యాక ఒకటి.

మొదటిదాన్ని గుండీపట్టీ దగ్గర నిలువునా మడిచి, భుజం మీద భుజం పెట్టాడు. మామూలు చొక్కా అయితే రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చోవాలి. పావు అంగుళం తేడా వచ్చింది. గుర్తొచ్చింది. ఎడమ పక్క కాలరు జారుతోందట, కాస్త ఎత్తండని భార్య అంటే, ఆలోచించకుండా ఎత్తేశాడు. రెండోది కూడా పావే. మూడోది అర. కుడివైపు అంచు పైకి లేస్తోందని దించాడు. నాలుగోది ముప్పావు. ప్రతి ఆదిలోనూ కిందటిసారి సర్దుబాటు అలాగే ఉంది, దాని మీద కొత్త సర్దుబాటు పడింది. అడిగిందల్లా చేశాడు, ఎందుకని అడగలేదు. కుట్టు కుదిరిందా లేదా చూశాడు. చొక్కా మీద ఒక్క ముడతా రానివ్వలేదు.

అయిదోది దూది పెట్టినది. అంగుళంపావు.

షట్టరు తట్టి భార్య లోపలికి వచ్చింది, అన్నం డబ్బాతో. బల్ల మీద మడతలు పెట్టిన అయిదు చొక్కాలు చూసింది. టైలరు భార్య, చెప్పక్కర్లేకపోయింది. డబ్బా నేల మీద పెట్టి, స్టూలు మీద కూలబడింది.

"ఇవి చూపిస్తే ఏమంటారు? రెండేళ్ళు ఏం చేశారని అడుగుతారు" అన్నాడతను.

"అడగనీండి."

"వెంటనే ఆ కవచం వేస్తారు. కవాతూ లేదు, ముందు వరసా లేదు. చూపించకపోతే ఆరు నెలలు ఆగుతారు. ఈలోపు ఉన్నచోటే ఆగిపోవచ్చుగా?"

ఆ ఆశ ఎంత పల్చటిదో అతనికే వినిపించింది. భార్య అయిదో చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కుట్టింది మీరు. ఇలా కుట్టమన్నది నేను. రోజూ తల దువ్వేటప్పుడు దాని వీపు నా ఎదురుగానే ఉంటుంది" అంది. తరవాత అన్నం డబ్బా మూత తీసి, తినండి చల్లారిపోతుంది అంది. ఇద్దరూ తినలేదు.

బుధవారం అతనొక్కడే క్లినిక్కుకు వెళ్ళాడు. చంకలు వదులు చేసిన తెల్లకోట్లు పైన, చొక్కాల మూట కింద. ముందు కోట్లిచ్చాడు. ఆవిడ తొడుక్కుని చేతులు పైకెత్తి చూసుకుని, ఇప్పుడు ఏనుగు కాలైనా ఎత్తుతానంది. అతను నవ్వలేదు. మూట విప్పి, రెక్సిను బల్ల మీద చొక్కాలు వరసగా పేర్చాడు. ఒక్కొక్కటీ మడిచి, టేపు పెట్టి చూపించాడు. ఈమధ్యే అని మొన్న అన్నది అబద్ధమండీ అన్నాడు.

ఆవిడ కాలరు పట్టీల మీద తేదీలు చదివింది. చొక్కాలు తిరగేసి, "చేతి పొడవు కూడా మీరే పెంచుతూ వచ్చారా?" అని అడిగింది. అంతకుముందు ప్రతిసారీ అరంగుళం, ముప్పావు చొప్పున పెంచానన్నాడు. ఈ ఆఖరుసారి మాత్రం అంగుళన్నర పెంచాల్సి వచ్చింది. ఆవిడ కాగితం తీసి రెండు వరసలు రాసింది, పిల్ల ఎదుగుదల ఒకటి, భుజాల తేడా ఒకటి. రెండు వరసలూ ఒక్కచోటే గెంతాయి.

అతను తిట్టు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాడు. మూట కట్టి తెచ్చుకున్న నేరం, ఏ శిక్షకైనా సిద్ధం.

"మాస్టారూ, చొక్కాలు చూసి బ్రేస్ రాయరు. కానీ ఇవి చూశాక ఆరు నెలలు ఆగమని కూడా ఎవరూ అనరు. ఇది పెరుగుతోంది, ఇప్పుడే పెరుగుతోంది. ఏడాదికి రెండుసార్లు తేదీ వేసి కొలిచిన పిల్లలు మా దగ్గరికి ఎవరొచ్చారు ఇంతవరకూ?"

అతను టేపు చుట్టసాగాడు.

"మూడో చొక్కా నాడు తెచ్చి ఉంటే ఇంకా బాగుండేది" అందావిడ, చొక్కాలు మడుస్తూ. "అదీ నిజమే."

ఆ రెండో మాట చెప్పినందుకే అతనికి మొదటి మాట మీద నమ్మకం కుదిరింది.

సాయంత్రానికి డాక్టరు ఎక్స్‌రే మళ్ళీ చూశాడు. తుంటి ఎముక అంచు చూపించి, పిల్ల ఇంకా చాలా ఎదగాలన్నాడు, చొక్కాలు కూడా తిరగేశాడు, బ్రేస్ రాశాడు. వంపు మొత్తం పోతుందని మాటివ్వనన్నాడు. ఇక్కడ ఆపగలిగితే కత్తి దాకా పోదన్నాడు. అచ్చు తీసి కవచం రావడానికి పది రోజులు. వ్యాయామం మాత్రం రోజూ.

గురువారం తల్లి బడికి వెళ్ళి క్లినిక్కు వాళ్ళిచ్చిన ఉత్తరం డ్రిల్లు టీచరు చేతిలో పెట్టింది, చొక్కాలో దూది సంగతీ చెప్పేసింది. అతను చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడట. ముందే చెప్పాల్సిందన్నాడట. కర్ర సంగతి ఎత్తలేదట. పిల్ల ముందు వరసలోనే ఉండొచ్చు గానీ, పెద్దవాళ్ళొస్తున్నారు, ఆ దూది చొక్కా వేసి పంపండి, వరస చెడకుండా ఉంటుందన్నాడట. భార్య ఇదంతా దుకాణంలో నిలబడి చెబుతుంటే మాస్టరు కొయ్యకున్న చొక్కా వైపు చూశాడు. ఆ మనిషిని ఏమనాలన్నా, ఆ చొక్కా ఎవరు కుట్టారన్న ప్రశ్న ముందుంది.

పిల్ల అప్పుడే క్లినిక్కు నుంచి వచ్చింది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుని ఉంది. ఆ రోజు బడి నుంచి తిన్నగా యూనిఫాంలోనే వెళ్ళిందట. అద్దం ముందు కూర్చోబెట్టి, నీ భుజాలెలా ఉన్నాయో చూసి చెప్పమంటే, సమంగా ఉన్నాయని చెప్పిందట. వదులు చొక్కా ఇచ్చి మార్చుకోమని మళ్ళీ అడిగారట.

"అప్పుడు కనబడింది నాన్నా. నాకిన్నాళ్ళూ తెలీనే తెలీదు" అంది పిల్ల. "ఏ పక్కకి జరగాలో తెలియాలంటే ముందు ఎటు ఒరిగానో కనబడాలంట."

మాస్టరు బీరువాలోంచి యూనిఫాం గుడ్డ తీశాడు. పని చెయ్యకుండా ఉండటం చేతకాదు అతనికి. భార్య అలవాటుగా కొయ్య మీది చొక్కా దించి బల్ల మీద పడెయ్యబోయింది. పిల్ల అడ్డం వచ్చి ఆ చొక్కా తీసుకుని, మళ్ళీ కొయ్యకు తగిలించింది. మేకుకున్న టేపు తీసి తండ్రి చేతికిచ్చి, వీపు తిప్పి నిలబడింది.

"ఆది వద్దు నాన్నా. నన్నే కొలువు."

అతను టేపు విప్పి మెడ వెనక ఎముక మీద ఒక కొస పెట్టాడు. పిల్ల చిన్నగా ఉలిక్కిపడింది, అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. కుడి భుజం చివరి దాకా లాగి అంకె చెప్పాడు. భార్య పుస్తకంలో రాసింది. మొదటిసారి వాళ్ళ పనులు తారుమారయ్యాయి, ఆవిడ రాస్తోంది, అతను చెబుతున్నాడు. ఎడమవైపు లాగాడు. అంకె కనిపిస్తోంది. దాని మీద బొటనవేలు ఆనించి ఆగాడు.

"ఎంత?" అంది పిల్ల.

చెప్పాడు. పిల్ల విని తల ఊపింది, మార్కులు విన్నట్టు.

"కోసేటప్పుడు మాత్రం రెండు పక్కలా ఒకటే కొయ్యి."

"ఒకటే కోస్తే ఎడమ పక్క ముడత పడుతుందే" అంది తల్లి. "రేపు అందరి ముందూ."

"పడనీ."

"ఆయన వెనక వరసకి పంపేస్తే?"

పిల్ల కింది పెదవి కొరుక్కుంది. "వెనక వరసలో నిలబడినా ఎడమ పక్కలోకి ఊపిరి తీసుకోవచ్చమ్మా" అంది.

మాస్టరు గుడ్డను బల్ల మీద పరిచాడు. ఈ రెండేళ్ళూ ఈ పిల్ల చొక్కా కోసం గుడ్డ విడదీసే పరిచాడు, కుడి వేరు, ఎడమ వేరు, ఒకదానికొకటి పోలిక లేని రెండు గీతలు. ఇవాళ గుడ్డను నిలువునా మడిచాడు. అంచుకు అంచు కలిపి, అరచేత్తో మడత నొక్కాడు. పిల్ల వచ్చి అటు కొస జరగకుండా రెండు చేతులతో పట్టుకుంది. సుద్దతో ఒక్కటే గీత గీశాడు.

ముడత ఎక్కడ పడుతుందో అతనికి తెలుసు. ఎడమ భుజానికి నాలుగు వేళ్ళ కింద, ఛాతీ మీదికి ఏటవాలుగా. ఎంత పొడుగుంటుందో కూడా తెలుసు. కత్తెర తీశాడు. ఎడమ పక్కలోకి ఒక ఊపిరి లాగి, రెండు పొరలూ కలిపి కొయ్యడం మొదలుపెట్టాడు.